నలభై తొమ్మిదో అక్షాంశానికి ఆవల: ఉత్తర క్యుబెక్‌లో ప్రణాళికల చరిత్ర

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో 49వ ఉత్తర అక్షాంశానికి పైన ఉన్న భూభాగం విస్తీర్ణం దాదాపు 12 లక్షల చదరపు కిలోమీటర్లు. రాష్ట్రం మొత్తంలో ఇది 72 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి కొలిచినా ఇందులో నాలుగో వంతుకు చేరవు. ఇంత నేల మీద నివసించేవారు మాత్రం సుమారు 1,20,000 మంది. వారిలో దాదాపు 33,000 మంది నాలుగు మూలవాసీ జాతులకు చెందినవారు. జేమ్స్ అఖాతానికి తూర్పున క్రీలు, 55వ అక్షాంశం దాటాక వచ్చే నునావిక్ తీరగ్రామాల్లో ఇన్యూట్లు, సెయింట్ లారెన్స్ ఉత్తర తీరం నుంచి లోపలి సరస్సుల దాకా ఇన్నూలు, ల్యాబ్రడార్ సరిహద్దు దగ్గర కొద్ది సంఖ్యలో నస్కాపీలు ఉంటారు. నేల కింద ఇనుము, నికెల్, బంగారం, వజ్రాలు ఉన్నాయి. నేల మీద పడమటికీ ఉత్తరానికీ పారే పెద్ద నదులున్నాయి. 2011 మే 9న, మన ముఖ్యమంత్రి హోదాకు సమానమైన ప్రీమియర్ పదవిలో ఉన్న జాన్ షారే ఈ ప్రాంతమంతటికీ కలిపి ‘ప్లాన్ నోర్’, అంటే ఉత్తర ప్రణాళిక, అనే 25 ఏళ్ల కార్యక్రమాన్ని ఆవిష్కరించి, సుస్థిర అభివృద్ధికి దాన్ని ఆదర్శంగా నిలుపుతామని ప్రకటించారు. ఆ పత్రాన్ని విడిగా చదివితే గనులు, రోడ్లు, ఉద్యోగాల లెక్కలే కనిపిస్తాయి. అదే నేల గురించి అంతకు ముందు వందేళ్లలో జరిగిన నిర్ణయాల పక్కన పెట్టి చదివితే, ఉత్తరాదివారికి తమ నేల విషయంలో మాట చెల్లుబాటు కావడం ఎప్పుడు మొదలైందో, అది ఎవరి ఒత్తిడి వల్ల సాధ్యమైందో బోధపడుతుంది.

ఈ నేల క్యుబెక్ చేతికి వచ్చిన తీరే విచిత్రమైనది. 1670లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ హడ్సన్స్ బే కంపెనీకి ఒక సనదు రాసి, హడ్సన్ అఖాతంలోకి నీరు పారే నేలలన్నిటి మీదా వ్యాపార గుత్తాధిపత్యాన్ని ఇచ్చాడు. ఆ నేలలను అతను గానీ ఆ కంపెనీ గానీ అప్పటికి సరిగా చూసింది లేదు. బొచ్చుతోళ్ల వ్యాపారం తప్ప వేరే పాలన పెద్దగా లేకుండానే రెండు శతాబ్దాలు గడిచాక, 1870లో ఆ హక్కులు 3 లక్షల పౌండ్ల పరిహారంతో కొత్త కెనడా దేశానికి దఖలు పడ్డాయి. కెనడా పార్లమెంటు 1898లో క్యుబెక్ సరిహద్దును ఈస్ట్‌మెయిన్ నది దాకా, 1912లో హడ్సన్ జలసంధి దాకా జరిపింది. 1912 చట్టంలో ఒక షరతు ఉంది: ఆ నేలలో నివసించే ఇండియన్ల, అంటే నాటి చట్టపు భాషలో మూలవాసుల, హక్కులను క్యుబెక్ గుర్తించాలి, ఆ హక్కులను వారి నుంచి ఒప్పందం ద్వారా పొందాలి. దాదాపు 60 ఏళ్ల పాటు ఆ షరతును ఏ ప్రభుత్వమూ అమలుచేయలేదు. పైగా 1930లలో ఇన్యూట్ల పోషణ భారం ఎవరిదన్న వివాదం వచ్చినప్పుడు, వారు రాజ్యాంగం రీత్యా ఇండియన్లే కనుక బాధ్యత కేంద్రానిదని క్యుబెక్ వాదించి 1939లో సుప్రీంకోర్టులో గెలిచింది. భూమి కావాలి, అందులోని మనుషులు అక్కర్లేదు అన్న వైఖరి అంత స్పష్టంగా అంతకు ముందెప్పుడూ కాగితానికి ఎక్కలేదు.

సుస్థిర అభివృద్ధి అన్న మాట పుట్టడానికి చాలా ముందే ఈ ప్రాంతంలో అలాంటి ప్రణాళిక ఒకటి నడిచింది. చరిత్రకారులు దానికి ఇచ్చిన చోటు దాని విలువకు తగినంత కాదు. 1920ల చివరికి బీవర్లు, అంటే వాగుల ఒడ్డున కర్రలతో, బురదతో గూళ్లు కట్టుకుని బతికే బొచ్చు జంతువులు, జేమ్స్ అఖాతం ప్రాంతంలో దాదాపు కనిపించకుండా పోయాయి. ధరలు పెరగడంతో దక్షిణం నుంచి వచ్చిన వేటగాళ్లు ఉన్న గూళ్లన్నీ ఊడ్చేసి పోయారు. స్థానిక క్రీ కుటుంబాలు ఆకలి పాలయ్యాయి. రూపర్ట్ హౌస్‌లో హడ్సన్స్ బే కంపెనీ దుకాణం నడిపిన జేమ్స్ వాట్, ఆయన భార్య మాడ్ వాట్‌ల చొరవతో 1930ల ఆరంభంలో ప్రభుత్వం అక్కడ ఒక బీవర్ సంరక్షణ ప్రాంతాన్ని మంజూరు చేసింది. అందులో వేట కొన్నేళ్లపాటు ఆగింది. ప్రతి వేట పరిధికీ ఆ కుటుంబపు పెద్దనే లెక్కదారుగా నియమించి, బతికి ఉన్న గూళ్లను ఏటా లెక్కపెట్టించి పటం మీద గుర్తింపజేశారు. జంతువులు పెరిగాక, 1940 నుంచి, ఎన్ని గూళ్లున్నాయో దాన్ని బట్టి ఎన్ని తోళ్లు తీయవచ్చో నిర్ణయించి వేటకు అనుమతించారు. ఇది ప్రభుత్వం నేర్పిన పద్ధతిలా రికార్డుల్లో కనిపించినా, కుటుంబానికొక వేట పరిధి ఉండడం, దానిలో ఒక భాగాన్ని కొంతకాలం ముట్టకుండా వదిలేయడం క్రీల ఆచారంలో అంతకు ముందే ఉన్నవి. ప్రభుత్వం చేసిందల్లా వాటికి గీతలు గీసి నంబర్లు ఇవ్వడం. ఆ గీతలు తరువాతి కాలంలో ఎవరూ ఊహించని పనికి వచ్చాయి.

తూర్పున ఇనుము కథ అంతకన్నా ముందే మొదలైంది. కెనడా భూగర్భ సర్వే శాఖకు చెందిన ఎ.పి. లో అనే అధికారి 1890లలో పడవల మీద, కాలినడకన ల్యాబ్రడార్ ద్వీపకల్పమంతా తిరిగి, లోపలి సరస్సుల మధ్య ఇనుప రాతి పొరలు విస్తారంగా ఉన్నాయని నమోదు చేశాడు. రెండో ప్రపంచయుద్ధం అమెరికా ఉక్కు కర్మాగారాల సొంత నిల్వలను తరిగించేదాకా ఆ రాతికి కొనేవాడు లేడు. 1946లో ప్రీమియర్ మోరిస్ డుప్లెసీ ప్రభుత్వం గని హక్కులను ఏటా లక్ష డాలర్ల స్థిర మొత్తానికి, లాభాల మీద కొంత పన్నుకు ఒక గని కంపెనీకి అప్పగించింది. ఏటా కోటి టన్నులు తవ్వుతారన్న అంచనాతో ఆ లక్షను భాగించి, ప్రతిపక్షాలు ‘టన్నుకు ఒక సెంటు’ అని ఎగతాళి చేశాయి. ఆ లెక్క కొంత అన్యాయమైనదే అయినా జనం నోట నిలిచిపోయింది. 1949లో ఏర్పడిన ఐరన్ ఓర్ కంపెనీ ఆఫ్ కెనడా సెట్-ఈల్ రేవు నుంచి ఉత్తరంగా 573 కిలోమీటర్ల రైలు మార్గం వేసి, 1954లో తొలి ఖనిజాన్ని ఓడకెత్తింది. దారి చివర షెఫర్‌విల్ పట్టణం లేచింది. అది ఇన్నూల వేట నేల. ఇన్నూ కుటుంబాలు రైలు కూలీలుగా, గని కూలీలుగా అక్కడికి చేరాయి. 1956లో నస్కాపీలు కూడా ఉత్తరాన ఉన్న ఫోర్ట్ చిమో వదిలి అక్కడికే వచ్చారు. వారిలో ఎవరితోనూ ఎవరూ ఒప్పందం చేసుకోలేదు.

ఆ దశలో ఉత్తరానికి ప్రణాళిక అంటే కంపెనీ ప్రణాళికే. ఇళ్లు, బడి, ఆసుపత్రి, విమానాశ్రయం అన్నీ గని జీవితకాలానికి తగ్గట్టు లెక్కగట్టి కట్టినవి. 1970లలో ఫెర్మోన్ అనే గని పట్టణంలో గాలిని ఆపడానికి కిలోమీటరు పైచిలుకు పొడవున ఒకే భవనాన్ని గోడలా నిలిపి, అందులోనే ఇళ్లు, దుకాణాలు, బడి ఇమిడ్చారు. వాస్తుశిల్పులు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. శీతల దేశపు నివాసం మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా గని మూతపడే రోజు మీద పెట్టినవారు లేరు. 1982లో ఉక్కు ధరలు పడిపోయినప్పుడు షెఫర్‌విల్ గనిని మూసేస్తున్నామని కంపెనీ అధ్యక్షుడు బ్రయన్ మల్‌రోనీ ప్రకటించారు. ఆయన రెండేళ్లకు కెనడా ప్రధాని అయ్యారు. 1985లో మరో ఇనుప పట్టణం గాన్యోన్‌ను ఖాళీ చేయించి, ఇళ్లతో సహా నేలమట్టం చేశారు. తెల్లవారు దక్షిణానికి వెళ్లిపోగా షెఫర్‌విల్ పరిసరాల్లో మిగిలినది ఇన్నూలు, నస్కాపీలు, ఎవరూ పూడ్చని గోతులు. రైలు మార్గపు ఉత్తర భాగాన్ని 2005లో ఆ రెండు జాతుల సంఘాలే కలిసి సొంతం చేసుకుని నడుపుకోవడం మొదలుపెట్టాయి.

రాష్ట్ర ప్రభుత్వం తానే ప్రణాళికకర్తగా రంగంలోకి దిగింది 1960లలో. చర్చి, ఇంగ్లిషు పెట్టుబడిదారుల పట్టు నుంచి ఫ్రెంచి క్యుబెక్ బయటపడిన ఆ దశాబ్దంలో సహజవనరుల మంత్రి రెనే లెవెక్ ప్రైవేటు విద్యుత్ కంపెనీలను జాతీయం చేసి హైడ్రో-క్యుబెక్ అనే ప్రభుత్వ సంస్థలో కలిపాడు. 1963లో ఉత్తర ప్రాంత వ్యవహారాలకు ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఫ్రెంచి వారికి ఇది ఆత్మగౌరవ పోరాటం. తమ నదులు, తమ ఇంజినీర్లు, తమ భాషలో పని. ఈ ‘తమ’ అన్న మాటలోకి క్రీలు, ఇన్యూట్లు ఎలా వస్తారన్నది ఆ ఉత్సాహంలో ఎవరికీ తోచలేదు. 1971 ఏప్రిల్ 30న ప్రీమియర్ రొబేర్ బురాసా క్యుబెక్ నగరంలో పార్టీ కార్యకర్తల పెద్ద సభలో ‘శతాబ్దపు ప్రాజెక్టు’ అంటూ జేమ్స్ అఖాతపు నదుల మీద జలవిద్యుత్ కేంద్రాల నిర్మాణాన్ని ప్రకటించారు. ఏ నదులు అన్నది కూడా అప్పటికి తేలలేదు. లా గ్రాండ్ నదిని ఖాయం చేసింది మరుసటి ఏడాది. క్రీలకు ఈ సంగతి వార్తల ద్వారా తెలిసింది. పర్యావరణం మీద పడే ప్రభావాన్ని పరిశీలించమని వేసిన నిపుణుల బృందం, ప్రాజెక్టు కట్టాలా వద్దా అన్న ప్రశ్న తన పరిధిలోనిది కాదని ముందే గీత గీసుకుని నివేదిక ఇచ్చింది.

క్రీలు, ఇన్యూట్లు కోర్టుకెళ్లారు. న్యాయమూర్తి ఆల్బర్ట్ మలూఫ్ ముందు నెలల తరబడి సాగిన విచారణలో వేటగాళ్లు తమ నేలను, అక్కడి చేపలను, దారులను తమ భాషలోనే వివరించి చెప్పారు. ప్రాజెక్టు పక్షపు న్యాయవాదులు మాత్రం వారు దుకాణాల్లో తిండి కొనుక్కుంటున్నారు కనుక వేట మీద ఆధారపడడం లేదని నిరూపించబోయారు. 1973 నవంబరు 15న మలూఫ్ పనులన్నీ ఆపమని ఉత్తర్వు ఇచ్చారు. అందుకు ఆయన ఆధారం చేసుకున్నది, అందరూ మరచిపోయిన 1912 చట్టపు షరతు. వారం రోజులకే అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసి యంత్రాలను మళ్లీ కదిలించింది గానీ, మూలవాసుల హక్కు అన్న చిక్కుముడి విప్పకుండా వేల కోట్ల డాలర్ల అప్పు తేలేమని ప్రభుత్వానికి అర్థమైంది. 1975 నవంబరు 11న జేమ్స్ బే, ఉత్తర క్యుబెక్ ఒడంబడిక మీద సంతకాలయ్యాయి. క్రీల పక్షాన ముఖ్యంగా మాట్లాడినవాడు ఇరవై ఆరేళ్ల బిల్లీ డైమండ్. నస్కాపీలు 1978 జనవరిలో అలాంటిదే మరో ఒడంబడిక చేసుకున్నారు.

ఆ ఒడంబడిక ఆధునిక కెనడాలో మొదటి భూహక్కుల ఒప్పందం. దానిలోని ఏర్పాట్లు కొంత వివరంగా చూడదగ్గవి. పది లక్షల చదరపు కిలోమీటర్లు మించిన భూభాగాన్ని అది మూడు తరగతులుగా విభజించింది. మొదటి తరగతి, అంటే గ్రామాల చుట్టూ ఉన్న దాదాపు 14,000 చదరపు కిలోమీటర్ల నేల, మూలవాసుల ప్రత్యేక వినియోగానికి. రెండో తరగతి, సుమారు 1,50,000 చదరపు కిలోమీటర్లు, అందులో వేట, చేపల వేట హక్కు వారిది మాత్రమే, అయినా అవసరమైతే ప్రభుత్వం ప్రాజెక్టులకు తీసుకోవచ్చు. మిగిలినదంతా మూడో తరగతి, అందరికీ తెరిచినది, కొన్ని జంతువుల వేట మాత్రం మూలవాసులకే కేటాయించినది. దీనికి ప్రతిగా వారు మొత్తం నేల మీది సంప్రదాయ హక్కులను వదులుకున్నారు, 22.5 కోట్ల డాలర్ల పరిహారం పొందారు. వదులుకోవడం అన్న ఆ ఒక్క అంశం మీద ఇన్యూట్లలోనే కొన్ని గ్రామాలు సంతకానికి నిరాకరించాయి. ప్రాజెక్టుల పర్యావరణ, సామాజిక ప్రభావాన్ని ముందుగా అంచనా వేసే సంఘాల్లో మూలవాసుల ప్రతినిధులు కూర్చోవాలన్న నియమం కూడా ఈ ఒడంబడికలోనే వచ్చింది. అలాంటి అంచనా అప్పటికి ప్రపంచంలోనే కొత్త.

అయితే, ఒడంబడికలో అన్నిటికన్నా దూరదృష్టి ఉన్నది వేటగాళ్ల ఆదాయ భద్రతా పథకం అని చెప్పడం సమంజసం. ఏడాదికి కనీసం 120 రోజులు వేట జీవితం గడిపే క్రీ కుటుంబానికి, గడిపిన రోజుల లెక్కన ప్రభుత్వం భత్యం చెల్లిస్తుంది. నిర్వహణ క్రీలు, క్యుబెక్ ప్రతినిధులతో ఏర్పడిన ఉమ్మడి బోర్డుది. తోళ్ల ధర పడిపోయినా, గని మూతపడినా వేట సాగుతుంది. ఎక్కువ జంతువులను చంపితే ఎక్కువ డబ్బు రాదు కనుక అడవి మీద ఒత్తిడి పెరగదు. ఆర్థికవేత్తలు దీన్ని సంక్షేమ పథకాల పద్దులో రాస్తారు. ఒక వృత్తి తన సొంత నిబంధనల మీద బతకడానికి ప్రభుత్వం చెల్లించే మూల్యంగా చూడడం ఎక్కువ సరైనది.

నదుల మీద మాత్రం ప్రణాళిక తన దారిన పోయింది. లా గ్రాండ్ మీది మొదటి కేంద్రం, తరువాత బురాసా పేరు పెట్టినది, 1979లో విద్యుత్ ఇవ్వడం మొదలుపెట్టింది; రాతిని తొలిచి నేల లోతుల్లో కట్టిన ఆ యంత్రశాల సామర్థ్యం 5,616 మెగావాట్లు. లా గ్రాండ్‌కు నీరు చాలేలా ఈస్ట్‌మెయిన్ నదిని, తూర్పున ఉన్న కానియాపిస్కో నదిని మళ్లించారు; ఈస్ట్‌మెయిన్ సముద్రంలో కలిసే చోట ప్రవాహం దాదాపు పదో వంతుకు పడిపోయింది. 1984 సెప్టెంబరు చివర, కానియాపిస్కో మీద జలాశయపు నీరు వదిలిన సమయంలో, వలస దారిలో నది దాటబోయిన దాదాపు 10,000 కారిబూలు, అంటే ఉత్తరపు పెద్ద జింకలు, జలపాతం దగ్గర కొట్టుకుపోయాయి. అదే ఏడాది చిసాసిబి గ్రామంలో క్రీల శరీరాల్లో పాదరసం మోతాదు మించి ఉందని తేలింది. మునిగిన నేలలోని నాచు, ఆకులు, కలప కుళ్లుతున్నప్పుడు సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది చిన్న చేపల్లోకి, వాటిని తినే పెద్ద చేపల్లోకి, వాటిని తినే మనుషుల్లోకి చేరుతుంది. జలాశయం నిండాక 20, 30 ఏళ్లకు గానీ చేపలు మామూలు స్థితికి రావు. ఈ రసాయన చర్య ప్రాజెక్టు తలపెట్టినప్పుడు ఇంజినీర్లకు తెలియదు. తెలియనంత మాత్రాన చేపలే కూడుగా బతికే ఊళ్లకు జరిగిన నష్టం తగ్గదు. 1986లో ప్రత్యేక పాదరసం ఒప్పందం చేసుకోక తప్పలేదు.

1987లో నార్వే ప్రధాని గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన సంఘం, రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని నిర్వచించింది. ఆ మాట క్యుబెక్ ప్రభుత్వ పత్రాల్లోకి చేరేసరికి బురాసా రెండోసారి అధికారంలో ఉండి, మరింత ఉత్తరాన గ్రేట్ వేల్ నది మీద కొత్త ఆనకట్టలకు సిద్ధమవుతున్నారు. ఈసారి క్రీలు, ఇన్యూట్లు కోర్టుతో ఆగలేదు. కరెంటు కొనేవారి ఊరికే వెళ్లారు. 1990 వసంతంలో సగం క్రీ పడవ, సగం ఇన్యూట్ పడవ పోలికలతో తయారుచేసిన ‘ఒడెయాక్’ హడ్సన్ అఖాతం నుంచి న్యూయార్క్ చేరింది. క్రీ నేత మాథ్యూ కూన్ కమ్ నాయకత్వంలో సాగిన ఈ ప్రచారం ఫలితంగా, విద్యుత్ గిరాకీ అంచనాలు కూడా తగ్గడంతో, 1992లో న్యూయార్క్ విద్యుత్ సంస్థ కొనుగోలు ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. 1994 నవంబరులో కొత్త ప్రీమియర్ జాక్ పరిజో గ్రేట్ వేల్‌ను పక్కన పెట్టేశారు.

ఆ ఓటమి తరువాత ప్రభుత్వం మాట తీరు మారింది. 2002 ఫిబ్రవరి 7న వస్కగనిష్ గ్రామంలో, అంటే ఒకప్పటి రూపర్ట్ హౌస్‌లో, ప్రీమియర్ బెర్నార్ లాండ్రీ, క్రీ మహానాయకుడు టెడ్ మోజెస్ సంతకం చేసిన ‘వీరుల శాంతి’ ఒప్పందం 50 ఏళ్లకు వర్తిస్తుంది. 1975 ఒడంబడికలో క్యుబెక్ నెరవేర్చని ఆర్థికాభివృద్ధి బాధ్యతలను క్రీలే తీసుకుంటారు. అందుకు ప్రభుత్వం మొదటి రెండేళ్లు తక్కువగానూ, ఆపైన ఏటా కనీసం 7 కోట్ల డాలర్లూ చెల్లిస్తుంది, గనులు, విద్యుత్, కలప ఉత్పత్తి విలువ పెరిగితే ఆ మొత్తమూ పెరుగుతుంది. అడవి నరికివేతకు సంబంధించిన అధ్యాయంలో 1930ల నాటి గీతలు తిరిగి ప్రత్యక్షమయ్యాయి: నరికే ప్రణాళిక కొలమానం ఇకపై కలప కంపెనీ బ్లాకు కాదు, కుటుంబపు వేట పరిధి, ప్రతి పరిధిలో 1 శాతం నేలను ఆ కుటుంబానికి ముఖ్యమైన చోట్లుగా పూర్తిగా వదిలేయాలి, 25 శాతాన్ని వన్యప్రాణుల ఆవాసంగా జాగ్రత్తగా చూడాలి, ఎక్కడన్నది ఎంచేది లెక్కదారు. ఈ లాభాలకు బదులుగా రూపర్ట్ నదిని మళ్లించడానికి క్రీ నాయకత్వం ఒప్పుకుంది. ఆ నది పరిసరాల్లోనే ఉన్న వస్కగనిష్, నెమస్కా గ్రామాల్లోనూ, చిసాసిబిలోనూ దీనికి గట్టి వ్యతిరేకత వచ్చింది. 2009లో నది మళ్లింది. నిర్ణయాధికారం చేతికి వచ్చాక, నష్టపోయేది ఎవరో ఎంచవలసిన భారం కూడా క్రీల మీదే పడింది.

షారే ప్రకటించిన 2011 ప్రణాళికను ఈ నేపథ్యంలో చూస్తే అది ఎంత తెలివైనదో, ఎక్కడ బోలుగా ఉందో రెండూ తెలుస్తాయి. 25 ఏళ్లలో 8,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, అందులో సగానికి మించి జలవిద్యుత్‌కు; ఏటా సగటున 20,000 ఉద్యోగాలకు ఊతం; వీటి సరసన, 2035 నాటికి ప్రాంతంలో 50 శాతాన్ని పారిశ్రామిక కార్యకలాపాలకు దూరంగా ఉంచుతామన్న హామీ. అయితే ఆ 50 శాతంలో చట్టం రక్షించే ఉద్యానవనాలు కొంత భాగమే. మిగతాది ఏ పద్ధతిలో, ఎంతకాలం రక్షిస్తారన్నది తరువాత తేల్చవలసిన విషయంగా వదిలేశారు. ఇన్యూట్లు తమ సొంత పత్రాన్ని, ప్లాన్ నునావిక్‌ను, ముందుకు తెచ్చి, దక్షిణానికి రోడ్డు లేని 14 గ్రామాల్లో సరుకుల ధర, ఒకే ఇంట్లో ఇరుకున బతికే కుటుంబాల గతి గనులకన్నా ముందు పట్టించుకోవాలని వాదించారు. క్రీలు ఒప్పందాల బలంతో చర్చల్లో కూర్చున్నారు. ఒడంబడిక లేని ఇన్నూలలో కొన్ని గ్రామాలు ప్రణాళికలో చేరగా, ఉయాషాట్ మాక్ మాని-ఉటెనం వంటివి బయటే నిలిచి, 2012లో 138వ నంబరు రహదారిని దిగ్బంధించాయి. అదే వసంతంలో ఇన్నూ మహిళలు అక్కడి నుంచి మాంట్రియల్ దాకా నడిచి వెళ్లారు. ప్రణాళికకు ఎవరు దగ్గరగా, ఎవరు దూరంగా ఉన్నారన్నది వారి అభిప్రాయాల కన్నా వారి చేతిలో ఒప్పందం ఉందా లేదా అన్న దాన్నే ఎక్కువ అనుసరించింది.

రాజకీయాలు ప్రణాళిక పేరును మార్చాయి. ఇనుము ధర దాని ఒంటిని మార్చింది. 2012 సెప్టెంబరులో గెలిచిన పోలీన్ మరువా దాన్ని ‘అందరి ఉత్తరం’ అన్నారు. 2014లో వచ్చిన ఫిలిప్ కుయార్ పాత పేరు తిరిగి పెట్టి, 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక ప్రభుత్వ సంస్థను నెలకొల్పి, పెట్టుబడి అంచనాను 5,000 కోట్ల డాలర్లకు కుదించారు. ఈలోపు ప్రపంచ విపణిలో ఖనిజం ధర కూలింది. 2011లో అమెరికా కంపెనీ ఒకటి 490 కోట్ల డాలర్లకు కొన్న సంస్థ చేతిలోని బ్లూమ్ లేక్ గని 2014 చివర మూతపడి, 2016లో కోటీ ఐదు లక్షల డాలర్లకు చేతులు మారి, 2018లో మళ్లీ తెరుచుకుంది. ఓటిష్ కొండల్లోని వజ్రాల గని కోసం 167వ నంబరు రోడ్డును ప్రజాధనం వెచ్చించి 240 కిలోమీటర్లు పొడిగించారు. గని 2016లో మొదలై, యాజమాన్యం దివాలా అంచుకు వెళ్లి, 2023లో ఆగిపోయింది. రోడ్డు ఉండిపోయింది. పాతికేళ్ల ప్రణాళికలు రాసేవారు ధరల చక్రం కొన్నేళ్లకోసారి తిరుగుతుందన్న సంగతిని షెఫర్‌విల్ మూతపడ్డ ముప్పై ఏళ్లకు కూడా లెక్కలోకి తీసుకోలేదు.

మూలవాసులు తమ మాట నెగ్గించుకున్న సందర్భాలూ ఉన్నాయి. మిస్టిస్సిని గ్రామానికి ఉత్తరాన తలపెట్టిన యురేనియం గనికి కేంద్ర సంస్థ అనుమతి ఇచ్చినా, క్రీలు ఒప్పుకోకపోవడంతో క్యుబెక్ 2013లో యురేనియం తవ్వకాల మీద విరామం ప్రకటించింది. మరుసటి ఏడాది క్రీ యువకులు 850 కిలోమీటర్లు నడిచి మాంట్రియల్‌లో జరుగుతున్న విచారణకు హాజరయ్యారు. నునావిక్‌లో 2012లో ఏర్పడిన టుర్సుజుక్ జాతీయ ఉద్యానవనం 26,000 చదరపు కిలోమీటర్లకు మించినది; మంచినీటి సీళ్లు ఉండే పరిసరాలను, నస్టపోకా నదిని అందులో చేర్చాలని ఇన్యూట్లు పట్టుబట్టగా, హైడ్రో-క్యుబెక్ ఆ నది మీది ఆశ వదులుకుంది. 2020 డిసెంబరులో ప్రభుత్వం రాష్ట్రమంతటిలో 17 శాతం నేలను రక్షిత ప్రాంతంగా ప్రకటించి అంతర్జాతీయ లక్ష్యాన్ని అందుకుంది. క్రీలు తమ ఊళ్లలో చర్చించి గీసిన పటాలు అందులో పెద్ద భాగం. కానీ కలప కంపెనీలు కోరుకునే దక్షిణ అడవుల్లో స్థానికులు ప్రతిపాదించిన 83 ప్రాంతాలను అప్పుడే పక్కన పెట్టారు. లక్ష్యం నెరవేరింది, అది చౌకగా నెరవేరే చోట. అదే ఏడాది ఫిబ్రవరిలో క్రీలు, క్యుబెక్ కలిసి ‘లా గ్రాండ్ అలయన్స్’ పేరిట రైలు, రోడ్లు, రక్షిత ప్రాంతాలను ఒకే పత్రంలో పెట్టిన 30 ఏళ్ల, 470 కోట్ల డాలర్ల అవగాహన మీద సంతకం చేశారు. 1971లో వార్తల్లో ప్రాజెక్టు గురించి తెలుసుకున్నవారి తరువాతి తరం ఇలా అదే నేలకు రైలు పటం గీసింది, వారి ఊళ్లలో కొందరు దాన్ని ప్రశ్నించారు.

ఒప్పందాలకు అందని నష్టాలూ ఉన్నాయి. తూర్పున జార్జ్ నది కారిబూల మంద 1990ల ఆరంభంలో దాదాపు 8 లక్షలు. 2018 లెక్కలో 5,500. సహజంగా సంఖ్య పెరిగి తరిగే చక్రం, వేట, వాతావరణ మార్పు, దారులకు అడ్డొచ్చిన కట్టడాలు, వీటిలో దేని వంతు ఎంతన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. ఇన్నూలకు, నస్కాపీలకు అది తిండి, ఆచారం రెండూ. 2013లో ఉయాషాట్, మాటిమెకుష్ ఇన్నూలు ఐరన్ ఓర్ కంపెనీ మీద, దాని రైలు సంస్థ మీద 90 కోట్ల డాలర్లకు దావా వేశారు: 1950ల నుంచి తమ సమ్మతి లేకుండా తమ నేలలో గనులు, పట్టణాలు, రైలు, రేవు నడిపి తమ జీవనాన్ని దెబ్బతీశారన్నది వారి ఆరోపణ. గనుల్లో కొన్ని ల్యాబ్రడార్ వైపు ఉన్నందున క్యుబెక్ కోర్టులకు అధికారం లేదని వచ్చిన అభ్యంతరాన్ని 2020 ఫిబ్రవరి 21న కెనడా సుప్రీంకోర్టు అయిదు–నాలుగు మెజారిటీతో తోసిపుచ్చింది. ఆ ఏడాది ముగిసేలోపే కంపెనీ ఇన్నూలతో రాజీ ఒప్పందం చేసుకుంది. భూమి హక్కుల మీద ప్రభుత్వాలతో ఒడంబడిక మాత్రం, 2004లో సూత్రప్రాయ ఒప్పందం మీద సంతకాలు చేసిన ఇన్నూ గ్రామాలకు కూడా, ఆనాటికి కుదరలేదు.